తమ్ముడి చేపలు

మా ఇంట్లో రెండు బంగారు చేపలు ఉండేవి. ఇప్పుడు ఒకటే ఉంది. రెండోది రోగమొచ్చి పోలేదు, నేను పోగొట్టాను. గోడపత్రికలో ఇలాంటివి రాస్తారా అని రెండు రోజులు ఆలోచించాను. మన క్లాసులోనే నలుగురి ఇళ్ళల్లో చేపల తొట్లు ఉన్నాయని తెలిశాక రాయడమే మంచిదనిపించింది.

చేపలు నావి కావు, మా తమ్ముడివి. పదో తరగతి అయ్యాక చుట్టాలిచ్చిన డబ్బులన్నీ పోగేసి, రెండడుగుల గాజు తొట్టి, ఫిల్టరు, రెండు చేపలు కొనుక్కున్నాడు. లావుగా ఉన్నదానికి లడ్డు, చిన్నదానికి బూందీ అని పేర్లు పెట్టాడు. రెండు నెలలు కూడా వాటితో ఆడుకోలేదు, ఇంటర్మీడియట్‌కని తిరుపతి దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చారు. వెళ్ళేముందు ఒక నోటుపుస్తకం కాగితం మీద రాసి తొట్టి వెనక గోడకు అంటించాడు. రోజుకు రెండుసార్లు చిటికెడు మేత, రెండు నిమిషాల్లో తినేంతే. వారానికి పావు వంతు నీళ్ళు మాత్రమే మార్చాలి. కొత్త నీళ్ళలో నాలుగు చుక్కలు యాంటీ క్లోరిన్. కింద ఎర్ర పెన్నుతో "అక్కా, ప్లీజ్" అని.

ఆదివారం హాస్టల్ ఫోన్ నుంచి ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు. మొదటి ప్రశ్న ఎప్పుడూ నాకే. "అక్కా, చేపలు తింటున్నాయా?" "ఆఁ, తింటున్నాయి." ఆ తర్వాతే ఫోను అమ్మ చేతికి వెళ్ళేది. ఏడాదిన్నర ఇలాగే నడిచింది. ఆ ఏడాదిన్నర చేపలకు ఏమీ కాలేదు. కాబట్టి నాకు చేపల గురించి అంతా తెలుసు అనుకున్నాను.

ఈ సంక్రాంతికి, జేఈఈ దగ్గరపడిందని, వాళ్ళ కాలేజీలో సెలవులివ్వలేదు. తమ్ముడు రాలేదని ఇంట్లో అందరికీ దిగులే. భోగికి ముందురోజు ఇల్లంతా దులుపుతుంటే, తొట్టి గాజుకు పచ్చగా పాకుడు పట్టి కనబడింది. వాడు వచ్చేసరికి కాకపోయినా పండగకైనా మెరిసిపోవాలని, మొత్తం నీళ్ళు తోడేశాను. రాళ్ళు సబ్బు లేకుండానే తోమాను, అంతవరకు తెలివి ఉంది. ఫిల్టరు స్పాంజిని కొళాయి కింద పట్టి, తెల్లటి నీళ్ళు వచ్చేదాకా పిండాను. పొద్దున్నే ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వచ్చే చల్లటి నీళ్ళు నింపాను. చుక్కల మందు సీసా ఖాళీగా ఉంది. నాలుగు చుక్కలే కదా, పండగయ్యాక కొందాం అనుకున్నాను. అందం కోసం కొత్తగా కొన్న నీటిమొక్క ఒకటి నాటాను. తొట్టి అద్దంలా ఉంది. ఫోటో తీసి స్టేటస్ పెట్టుకున్నాను.

సాయంత్రానికి రెండు చేపలూ పైకి వచ్చి, నీటి అంచున నోళ్ళు తెరిచి మూస్తున్నాయి. ఆకలేస్తోందనుకుని మేత వేశాను. తినలేదు. ఇంకాస్త వేశాను. భోగి రోజు బూందీ మూలకు వెళ్ళి, వీపు మీది రెక్క ముడుచుకుని కూర్చుంది. మొప్పలు మాత్రం గబగబా కొట్టుకుంటున్నాయి. నేనేమో చలికి ముడుచుకుందనుకున్నాను.

మా జేజి చేపలను పెంచిన మనిషి కాదు. హిందూపురం దగ్గర ఊళ్ళో ఎనుములను, మేకలను పెంచింది. అరుగు మీద కూర్చున్నట్టే ఇక్కడ తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఆ రోజు ఆమే అంది, "పాపా, దానికి బాగలేదు. మేతకు రాలేదంటే పసరమైనా అంతే, చేపైనా అంతే. ఊపిరి ఎట్ల తీస్తాందో చూడు." నేను చూడలేదు. ముగ్గు వేయాలి, పక్కింటివాళ్ళు ఎళ్ళు బెల్ల తెచ్చారు, వాళ్ళకు అరిసెలు ఇవ్వాలి. అలా రెండు రోజులు గడిచాయి. కనుమ పొద్దున బూందీ పక్కకు తిరిగి తేలుతోంది. ఊళ్ళో నోరులేని జీవాలను కడిగి, బొట్టు పెట్టి, కొమ్ములకు రంగు వేసే రోజు. బాల్కనీలో కరివేపాకు కుండీ తవ్వి బూందీని పాతిపెట్టాం. జేజి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ ఆదివారం ఫోన్ వచ్చింది. "అక్కా, చేపలు తింటున్నాయా?"

"ఆఁ, తింటోంది," అన్నాను. వెంటనే ఫోను అమ్మకు ఇచ్చేశాను. పరీక్షలున్నాయి, ఇప్పుడెందుకులే అని నాకు నేనే చెప్పుకున్నాను. నిజానికి పరీక్షల కోసం కాదు. ఎర్ర పెన్నుతో రాసిన "ప్లీజ్" నా కళ్ళ ముందే ఉంది.

మరుసటి రోజు లడ్డు తోక మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలు కనబడ్డాయి. ఆరు లెక్కపెట్టాను. తెల్లారి చూస్తే ఇరవై దాటాయి. లడ్డు ఉన్నట్టుండి ఉరికి, రాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటోంది. ఈసారి ఆగలేదు. కాలేజీ నుంచి నేరుగా శివాజీనగర్ బస్సెక్కాను. రస్సెల్ మార్కెట్ దగ్గరి సందులో ఒక పెద్దాయన చిన్న కొట్టు. మందు ఇమ్మంటే ఇవ్వలేదు. మూడు ప్రశ్నలు అడిగాడు.

"నీరెల్లా ఒందే సల చేంజ్ మాడిద్రా?"

"హౌదు."

"ఫిల్టర్ స్పాంజ్ నల్లి నీరల్లి తొళెద్రా?"

"హౌదు."

"హొస గిడ హాకిద్రా?"

మూడోదానికీ హౌదే. అప్పుడాయన ఒక మాట అన్నాడు: "మీనిగల్ల, నీరిగె మద్దు." చేపకు కాదు, నీళ్ళకు మందు. మన తెలుగులోనూ మీను ఉంది. మందుకు, మద్దుకు చుట్టరికం ఉందని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. మాట అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టలేదు. సంగతి అర్థం కావడానికే నెల పట్టింది.

ఆయన చెప్పింది, తర్వాత నేను చదువుకున్నది కలిపి రాస్తాను. చేప ఒంట్లోంచి వచ్చే మలినంలో ముఖ్యమైనది అమోనియా. అది ఎక్కువగా మొప్పల గుండానే బయటికి వస్తుంది. తొట్టి నీళ్ళలో అది పోగుపడితే చేపకు విషం. స్పాంజిలో కంటికి కనబడని బాక్టీరియా స్థిరపడి, ఆ అమోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు చేటు. మూడోది కొద్దిగా ఉంటే ఓర్చుకుంటుంది, దాన్ని తగ్గించడానికే వారం వారం పావు వంతు నీళ్ళు మార్చడం. కొత్త తొట్టిలో ఈ బాక్టీరియా పెరగడానికి వారాలు పడుతుంది. తమ్ముడి తొట్టిలో ఏడాదిన్నరగా పెరిగినదాన్ని నేను పది నిమిషాల్లో కొళాయి కింద కడిగేశాను. నేను మురికి అనుకున్నది ఆ తొట్టికి ఊపిరి. స్పాంజి కడగాలంటే, తొట్టిలోంచి తీసిన పాత నీళ్ళలోనే నాలుగుసార్లు పిండి పెట్టేయాలి.

ఇక నీళ్ళు. బెంగళూరుకు కావేరి నీళ్ళు సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి ఎత్తిపోసుకుంటూ తెస్తారు. క్రిములు పెరగకుండా క్లోరిన్ కలుపుతారు. అది మనకు మేలు, చేపకు మాత్రం మొప్పలు కాలతాయి. ఆ నాలుగు చుక్కల మందులో ఉండేది సోడియం థయోసల్ఫేట్, క్లోరిన్‌ను విరిచేస్తుంది. అది లేకపోతే నీళ్ళు బకెట్లో మూత లేకుండా ఒక రోజు ఉంచినా క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది. నేను రెండూ చేయలేదు. పైకొచ్చి నోరు తెరిచిన చేప ఆకలితో కాదు, గాలి కోసం వచ్చింది. దానికి నేను మేత వేశాను. తినని మేత కుళ్ళి మరింత అమోనియా అయ్యింది.

2016 మార్చిలో హలసూరు చెరువులో వేల చేపలు చచ్చి తేలడం మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. మురుగు చేరి నీటిలో ప్రాణవాయువు పడిపోయింది. అప్పుడు నేను ప్రైమరీ స్కూల్లో ఉన్నాను. పేపర్లో ఫోటో చూసి, చెరువును ఇలా చేసినవాళ్ళకు బుద్ధి లేదా అని ఇంట్లో గట్టిగా అడిగానట. అమ్మ ఇప్పటికీ చెబుతుంది. చెరువు పెద్దది, మా తొట్టి 50 లీటర్లది. తేడా అంతే.

చిన్నప్పుడు మనందరం విన్న ఏడు చేపల కథ ఆ రాత్రి గుర్తొచ్చింది. ఎండని చేపను కారణం అడిగితే గడ్డిమోపు పేరు చెబుతుంది. గడ్డిమోపు ఆవు మీద, ఆవు పాలేరు మీద, పాలేరు అవ్వ మీద చెప్పుకుంటూ పోయి, ఆఖరికి ప్రశ్న చీమ దగ్గర ఆగుతుంది. ఆ కథ పిల్లలకు అన్నం తినిపించడానికి మాత్రమే అనుకునేదాన్ని. రోగాన్ని వెదకడం కూడా అలాగే. చేప ఎందుకు తినలేదు? ఊపిరాడక. ఊపిరెందుకు ఆడలేదు? మొప్పలు చెడి. మొప్పలెందుకు చెడ్డాయి? నీళ్ళు చెడి. నీళ్ళెందుకు చెడ్డాయి? స్పాంజి కడిగి, చుక్కలు వేయక. అలా అడుగుతూ పోతే మా ఇంట్లో చీమను నేనే. కథలో చీమకు తన పుట్ట కాపాడుకోవాలన్న కారణమైనా ఉంది. నాకు స్టేటస్ ఫోటో.

తెల్ల చుక్కల సంగతి వేరు. అది ఏకకణ జీవి వల్ల వచ్చే జబ్బు. 1876లో ఫుకే అనే శాస్త్రజ్ఞుడు దానికి ఇక్తియోఫ్తీరియస్ మల్టిఫిలిస్ అని పేరు పెట్టాడు. విడదీస్తే 'చేప పేను, బహుసంతానం కలది' అని. పేరులోనే కథంతా ఉంది. అది చేప చర్మం కింద దూరి, తిని బలుస్తుంది. మనకు కనబడే తెల్ల చుక్క అదే. బలిసాక రాలి, అడుగున గూడు కట్టుకుని, వందల పిల్లలుగా విడిపోతుంది. ఆ పిల్లలు రెండు రోజుల్లోపల చేపను పట్టుకోకపోతే చస్తాయి. చర్మం కింద ఉన్నప్పుడు మందు దానికి తగలదు. నీళ్ళలో ఈదే ఆ పిల్లల్నే చంపగలం. అందుకే నీరిగె మద్దు. చుక్కలు లేని చేప పక్కన ఉన్నా, చికిత్స తొట్టి మొత్తానికీ చేయాలి.

కొత్త మొక్కతో ఆ పేను మా తొట్టిలోకి వచ్చి ఉండాలి. చల్లనీళ్ళతో, చెడ్డనీళ్ళతో నీరసించిన చేప దానికి సులువుగా దొరికింది. పెద్దాయన హీటరు, చుక్కల మందు, చిన్న గాలి పంపు ఇచ్చాడు. ఉప్పు ఇంట్లో ఉన్న కల్లుప్పే వాడమన్నాడు. లీటరుకు 2 గ్రాముల చొప్పున 50 లీటర్లకు 100 గ్రాములు, ఒక రోజులో మూడు విడతలుగా, విడిగా కరిగించి పోశాను. నీళ్ళ వేడి 21 డిగ్రీలు ఉంటే, రెండు రోజుల్లో మెల్లగా 27కు తెచ్చాను. వెచ్చటి నీళ్ళలో పేను జీవితచక్రం తొందరగా తిరుగుతుంది, మందు తగిలే దశకు తొందరగా వస్తుంది. కానీ వెచ్చటి నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ, అందుకే గాలి పంపు. రోజు విడిచి రోజు అడుగున పైపు పెట్టి పావు వంతు నీళ్ళు లాగేసి, అంతే వేడి ఉన్న, క్లోరిన్ విరిచిన నీళ్ళు పోసేదాన్ని. తీసిన నీళ్ళతో పోయిన ఉప్పు మాత్రం మళ్ళీ కలిపేదాన్ని.

మొదటి మూడు రోజులు చుక్కలు తగ్గలేదు, పెరిగాయి. ఒళ్ళంతా రవ్వ చల్లినట్టయింది. రాత్రి రెండింటికి లేచి టార్చి వేసి చూసేదాన్ని. మందు పనిచేయడం లేదని ఇంకో మందు పోయబోతే జేజి చెయ్యి పట్టుకుంది. "ఇచ్చిన మందుకు నాలుగు దినాలు టైమియ్యి." అప్పటికే చర్మం కింద ఉన్నవి బయటపడుతున్నాయన్నమాట, కొత్తవి కావు. ఆరో రోజుకు చుక్కలు రాలడం మొదలైంది. తొమ్మిదో రోజున ఒక్కటి కూడా లేదు. అయినా ఇంకో పది రోజులు ఆపవద్దని పెద్దాయన ముందే చెప్పి ఉన్నాడు. ఆపలేదు.

ఈ మధ్యలో ఒక ఆదివారం ఫోన్ వచ్చింది. లడ్డుకు బాగలేదని చెప్పాను, బూందీ మాట ఎత్తలేదు. "రాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటోందిరా, దురద" అన్నాను. వాడు నవ్వి, "నాకూ అంతే అక్కా" అన్నాడు. నేనూ నవ్వాను. చేప మొప్పలు నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటున్నాయో లెక్కపెడుతున్న మనిషిని, ఆ మాట దగ్గర ఆగి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

తర్వాతి ఆదివారం లడ్డు ఒళ్ళు శుభ్రంగా ఉంది, మేతకు వచ్చింది. ఇక దాచలేకపోయాను. "ఒరేయ్, బూందీ లేదురా. కనుమ రోజు పోయింది. తప్పు నాదే" అని నీళ్ళ దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. ఐదు నిమిషాల్లో మూడు దానికే అయిపోయాయి. అవతల వాడి వెనక క్యూలో ఉన్నవాళ్ళ గొడవ వినబడుతోంది.

"తెలుసు," అన్నాడు.

"ఎవరు చెప్పారు? అమ్మా?"

"నువ్వే. ఎప్పుడూ తింటున్నాయి అంటావు. ఆ వారం తింటోంది అన్నావు."

తెలుగు బి.ఏ. చదువుతున్నదాన్ని నేను. వచనం పట్టుకున్నది ఎంపీసీ చదివేవాడు. ఏమనాలో తెలియలేదు. రెండు వారాలుగా తెలిసీ వాడు అడగలేదు, నేను చెప్పేదాకా ఆగాడు. అప్పుడు గుర్తొచ్చింది, "నాకూ అంతే" అన్నది. "నీకు దురద ఏంట్రా?" అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. నెల రోజులుగా రాత్రిళ్ళు వేళ్ళ సందుల్లో, నడుము దగ్గర ఒకటే దురద. నిద్ర లేదు. చెబితే పరీక్షల ముందు అమ్మ కంగారు పడుతుందని చెప్పలేదు. అక్కడ ఏదో పూతమందు ఇచ్చారు, తగ్గి మళ్ళీ వచ్చింది. గదిలో మిగతావాళ్ళకూ ఉందట.

మర్నాడే నాన్న వెళ్ళారు. డాక్టరు చూసి గజ్జి అన్నారు. చర్మంలో దూరి గుడ్లు పెట్టే సన్నటి పురుగు. పెర్మెత్రిన్ క్రీము మెడ నుంచి పాదాల దాకా రాసుకుని రాత్రంతా ఉంచుకోవాలి, వారం తర్వాత మళ్ళీ రాయాలి. దురద లేనివాళ్ళతో సహా గదిలో ఎనిమిది మందీ ఒకే రోజు రాసుకోవాలి. దుప్పట్లు, బట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయాలి. ఒక్కడికే మందు రాస్తే పక్కవాడి దగ్గర్నుంచి మళ్ళీ వస్తుందట. నాన్న ఫోనులో ఇదంతా చెబుతుంటే నాకు ఆ కొట్టు పెద్దాయన మాటే వినబడింది. పురుగు చచ్చాక కూడా దురద కొన్ని వారాలు ఉండొచ్చు, భయపడవద్దని డాక్టరు చెప్పారట. జేజి ఇది విని, "నాలుగు దినాలు టైమియ్యాల" అంది.

మీ ఇళ్ళల్లో తొట్లు ఉన్నవాళ్ళ కోసం నేను నేర్చుకున్నది క్లుప్తంగా. రెక్కలు ముడుచుకున్నా, మేతకు రాకపోయినా, మూల కూర్చున్నా, పైకొచ్చి ఊపిరి తీస్తున్నా ముందు మందు సీసా తీయకండి. పావు వంతు నుంచి మూడో వంతు దాకా నీళ్ళు మార్చండి, క్లోరిన్ విరిచి, అదే వేడిలో. మేత ఒక రోజు ఆపండి, చేప చచ్చిపోదు. రెక్కల అంచులు చిరిగి తెల్లబడుతుంటే చాలాసార్లు అది కూడా చెడ్డ నీళ్ళ వల్లే. దూదిలాంటిది అంటుకుంటే బూజు. పైనుంచి చూస్తే పొలుసులు లేచి నిలబడి, పొట్ట ఉబ్బి ఉంటే లోపలి అవయవాలు చెడినట్టు, అది తిరగడం కష్టం. కొత్త చేపను, కొత్త మొక్కను నేరుగా తొట్టిలో వేయకండి, కొన్ని వారాలు విడిగా ఉంచండి. అన్నిటికన్నా ముందు, చేప బాగున్నప్పుడు ఎలా ఉంటుందో రోజూ ఐదు నిమిషాలు కూర్చుని చూడండి. అది తెలియకపోతే బాగలేనప్పుడు తెలియదు. మా జేజికి పుస్తకం అక్కర్లేకపోయింది, ఆమె రోజూ చూసేది కాబట్టి.

తమ్ముడి గోడ కాగితం మీద మూడో లైను కింద నేను నాలుగోది రాశాను: స్పాంజి పాత నీళ్ళలోనే. సీసాలు ఇప్పుడు రెండు కొని పెట్టాను. రెండో చేపను కొందామా అంటే వాడు వద్దన్నాడు, పరీక్షలయ్యాక తనే వచ్చి కొంటాడట. ఆదివారాలు ఇప్పుడు మొదటి ప్రశ్న నాది. "వేళ్ళు ఎలా ఉన్నాయిరా, నిద్ర పడుతోందా?" అని అడిగి, బదులు పూర్తిగా విన్నాకే లడ్డు సంగతి చెబుతాను. తింటోంది.